ల్యాబ్ కౌంటర్ దగ్గర జనం ఎంతసేపు ఆగుతున్నారు? నిరీక్షణ సమయాన్ని కొలిచి, లెక్కగట్టి, చదివే పద్ధతి

"మా దగ్గర సగటున 20 నిమిషాలే పడుతుందండీ" అని మేనేజరు అంటాడు. "గంట కూర్చోబెట్టారు" అని వచ్చినవాళ్ళు అంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఈ రెంటికీ మధ్య ఏం జరుగుతోందో తేల్చడానికి పెద్ద సాఫ్ట్‌వేరేమీ అక్కర్లేదు. ఒక షీటు, అరడజను ఫార్ములాలు, ముఖ్యంగా సరిగ్గా రాసుకున్న సమయాలు ఉంటే చాలు.

ఇక్కడ ఉదాహరణగా ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌ను తీసుకున్నాం. పొద్దున 7 నుంచి 10 దాకా ఫాస్టింగ్ షుగర్, లిపిడ్ ప్రొఫైల్ లాంటి పరీక్షల కోసం జనం పరగడుపున వచ్చి టోకెన్ తీసుకుని, బిల్లు కట్టి, రక్తం ఇవ్వడానికి కూర్చునే చోటు అది. అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి. పద్ధతి మాత్రం మీసేవ కేంద్రానికైనా, బ్యాంకు కౌంటర్‌కైనా, టిఫిన్ సెంటర్ పార్సిల్ లైనుకైనా ఇదే.

ఫార్ములాల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. షీటులో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి (ఇంక్ అంటే INC, ఎక్స్క్ అంటే EXC, ఎస్‌టీడెవ్ అంటే STDEV). ఎక్సెల్, గూగుల్ షీట్స్ రెంటిలోనూ ఇవి పనిచేస్తాయి. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

"వెయిటింగ్ టైమ్ ఎలా ఉందో చూద్దాం" అంటే అది ప్రశ్న కాదు. కొలిచాక ఏ నిర్ణయం తీసుకోవాలనుకుంటున్నారో అదే ప్రశ్న. ఉదాహరణకు: "పొద్దున రక్తం తీయడానికి ఇంకో టెక్నీషియన్ కావాలా? కావాలంటే ఏ గంటలో?"

దీన్ని కాగితం మీద రాసి షీటు పైనే పెట్టుకోండి. ఏ కాలమ్‌లు కావాలో, ఏవి అనవసరమో అదే చెబుతుంది. పై ప్రశ్నకు గంట కావాలి, ఎవరు ఏ కుర్చీ దగ్గర రక్తం ఇచ్చారో కావాలి. వచ్చినవాళ్ళ వయసు, ఊరు అక్కర్లేదు.

2. నిరీక్షణ ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు

సగం గొడవలు ఇక్కడే పుడతాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి సమయాలు లాగి "నిరీక్షణ 9 నిమిషాలు" అని చెప్పే రిపోర్టులు చాలానే ఉంటాయి. అందులో గడియారం మొదలయ్యేది బిల్లు ప్రింటయ్యాక. బిల్లు కోసం నిలబడ్డ పావుగంట ఆ లెక్కలోకే రాదు.

మన ఉదాహరణలో నియమం ఇది:

- మొదలు: టోకెన్ చేతికి వచ్చిన నిమిషం
- మధ్య గుర్తు: బిల్లు ప్రింటైన నిమిషం
- ఆఖరు: రక్తం తీసే గదిలోకి పిలిచిన నిమిషం

సూది గుచ్చిన సమయం ఎందుకు వద్దంటే, లోపలికి వెళ్ళాక నరం దొరకడానికి పట్టే సమయం సేవలో భాగం, నిరీక్షణ కాదు. రెంటినీ కలిపితే టెక్నీషియన్ నెమ్మదా, లైను పెద్దదా అన్నది తెలియకుండా పోతుంది.

ల్యాబుల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సిన కేసులు ఇవి:

- తిన్నాక షుగర్ పరీక్ష: ఫాస్టింగ్ శాంపిల్ ఇచ్చి, టిఫిన్ చేసి, 2 గంటల తర్వాత మళ్ళీ వస్తారు. ఆ 2 గంటలు పరీక్షలో భాగమే. రెండోసారి వచ్చినప్పుడు కొత్త వరుసగా, రెండో రాకగా రాయండి.
- గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్ష (గ్లూకోజ్ నీళ్ళు తాగించి, కొంత కొంత వ్యవధిలో రక్తం తీసేది): ఇందులోనూ అంతే. మొదటి శాంపిల్‌కి పిలిచేదాకానే లెక్కించండి.
- కడుపు స్కానింగ్: నీళ్ళు తాగి మూత్రాశయం నిండేదాకా కూర్చోవడం క్యూ కాదు. స్కానింగ్ వాళ్ళను ఈ షీటులో కలపకండి, వేరే షీటు పెట్టండి.
- అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్ళు: 8:30కి రమ్మంటే 8:05కే వచ్చారనుకోండి. వచ్చిన సమయం, ఇచ్చిన సమయం, ఈ రెంటిలో ఏది తర్వాతదైతే అక్కణ్ణుంచి లెక్కించడం న్యాయం. ఏ నియమమైనా సరే, మధ్యలో మార్చకండి.

3. ఏ రోజులు, ఎంతమంది

ఫిర్యాదు వచ్చిన మర్నాడు హడావిడిగా ఒక్కరోజు కొలిచి ఊరుకుంటే అది ఆ రోజు కథే అవుతుంది. కనీసం రెండు వారాలు, ఆదివారంతో సహా వారంలోని అన్ని రోజులూ వచ్చేలా తీసుకోండి. హెల్త్ క్యాంపు పెట్టిన రోజు, ప్యాకేజీ ఆఫరున్న రోజు, పండగ మర్నాడు ఉంటే తీసేయొద్దు. పక్కన గుర్తు పెట్టుకోండి, విడిగా చూడొచ్చు.

అందరి సమయాలూ టోకెన్ యంత్రమే నమోదు చేస్తుంటే సమస్యే లేదు. చేత్తో రాయాల్సి వస్తే ప్రతి ఐదో టోకెన్ చాలు: 5, 10, 15... ఇలా. వీలున్నప్పుడు రాయడం మాత్రం వద్దు. రద్దీ పెరిగే కొద్దీ రాసే మనిషికి తీరిక ఉండదు. అందరికంటే ఎక్కువసేపు ఆగినవాళ్ళే షీటులోంచి జారిపోతారు.

ఎంతమంది కావాలన్నదానికి ఒక మోటు కొలత ఉంది. పదిమందిలో తొమ్మిది మందికి ఎంత లోపు అయిపోతోందో చెప్పాలంటే కనీసం 100 వరుసలుండాలి. అప్పుడే ఆ గీతకు పైన పదిమందైనా ఉంటారు. గంటవారీగా విడగొట్టాలనుకుంటే ఒక్కో గంటకు కనీసం 30 వరుసలు వచ్చేలా చూసుకోండి. కింద లెక్కలకు 22 టోకెన్లే వాడాం, కాగితం మీద వేళ్ళు పెట్టి సరిచూసుకోవడానికి వీలుగా.

4. షీటు తయారీ

కాలమ్‌లు ఇలా:

- ఎ: తేదీ
- బి: టోకెన్ నంబరు
- సి: టోకెన్ తీసుకున్న సమయం
- డి: బిల్లు ప్రింటైన సమయం
- ఇ: లోపలికి పిలిచిన సమయం
- ఎఫ్: మొదటి రాక / రెండో రాక
- జి: కుర్చీ నంబరు
- హెచ్: వ్యాఖ్య
- ఐ: నిరీక్షణ నిమిషాలు (ఫార్ములా)
- జె: వచ్చిన గంట (ఫార్ములా)

పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ పరీక్ష చేయించుకున్నారన్నది రాయొద్దు. టోకెన్ నంబరు ఉంటే చాలు.

కొలత మొదలుపెట్టే ముందు ఇవి సరిచూడండి:

- టోకెన్ యంత్రం, బిల్లింగ్ కంప్యూటర్, శాంపిల్ గదిలో గోడ గడియారం ఒకే టైమ్ చూపిస్తున్నాయా? గోడ గడియారం 4 నిమిషాలు ముందుంటే ప్రతి వరుసలోనూ 4 నిమిషాల తప్పు దూరుతుంది. శాంపిల్ గదిలో గోడ గడియారం చూడకుండా ఫోను చూసి రాయమనండి.
- సి, డి, ఇ కాలమ్‌లకు సమయం ఫార్మాట్, 24 గంటల పద్ధతి పెట్టారా?
- కంప్యూటర్లో నేరుగా కొడుతుంటే కంట్రోల్, షిఫ్ట్, సెమీకోలన్ కలిపి నొక్కితే అప్పటి సమయం దానంతటదే పడుతుందని సిబ్బందికి చెప్పారా?
- టోకెన్ తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళను ఎవరు, ఎలా రాయాలో తేల్చారా?

5. డేటా శుభ్రం చేయడం

లెక్కల కంటే ఈ పనికే ఎక్కువ సమయం పడుతుంది. అది మామూలే. తొందరపడితే ఆ తర్వాత వచ్చే అంకెలన్నీ అనుమానమే.

*చుక్క పెట్టిన సమయాలు.* మనవాళ్ళు కాగితం మీద 8.15 అని రాస్తారు, షీటులోనూ అలాగే కొడతారు. షీటు దాన్ని ఎనిమిదింబావుగా చదవదు, 8.15 అనే మామూలు సంఖ్యగా తీసుకుంటుంది. 8.40లోంచి 8.15 తీసేసి 1440తో గుణిస్తే 360 నిమిషాలు వస్తుంది. అసలు తేడా 25 నిమిషాలే.

సరే, చుక్కల్ని కోలన్‌గా మార్చేద్దామని ఫైండ్-రీప్లేస్ చేశారంటే ఇంకో గుంటలో పడతారు. 8.40 అని కొట్టినప్పుడే షీటు చివరి సున్నా తీసేసి 8.4గా దాచుకుంది. చుక్క మారిస్తే అది 8:4, అంటే 8:04 అయిపోతుంది. తప్పు బయటికి కనిపించదు కూడా. బాగుచేయాలంటే పక్క కాలమ్‌లో ఇలా రాయండి:

=టైమ్(ఇంట్(సి2), రౌండ్((సి2-ఇంట్(సి2))*100, 0), 0)

8.4 ఇస్తే ఇది 8:40 ఇస్తుంది.

*పన్నెండు గంటల తికమక.* మధ్యాహ్నం 1:10ని 13:10 అని కాకుండా 1:10 అని కొడితే నిరీక్షణ మైనస్‌లోకి పోతుంది. ఐ కాలమ్‌లో సున్నా కంటే తక్కువ ఉన్నవన్నీ ఫిల్టర్ చేసి, ఒక్కొక్కటీ అసలు కాగితంతో సరిచూసి దిద్దండి.

*ఐదుకు సవరించి రాయడం.* రాసే మనిషి 8:03ని 8:05 అని, 8:12ని 8:10 అని రాస్తున్నాడేమో చూడాలి. నిమిషాల చివరి అంకె 0 నుంచి 9 దాకా ఏదైనా కావచ్చు కాబట్టి 0, 5తో ముగిసేవి దాదాపు 20 శాతమే ఉండాలి. పక్క కాలమ్‌లో =మాడ్(మినిట్(సి2),5)=0 అని రాసి ఎన్ని వరుసల్లో ట్రూ వచ్చిందో లెక్కపెట్టండి. సగం దాకా వస్తే అంచనాగా రాస్తున్నారని అర్థం. 40 నిమిషాల నిరీక్షణలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. 8 నిమిషాల నిరీక్షణను మాత్రం అది 5గానో 10గానో మార్చేస్తుంది.

*వెళ్ళిపోయినవాళ్ళు.* అందరూ వదిలేసేది వీళ్ళనే. టోకెన్ తీసుకుని, ఆగి ఆగి, ఆఫీసుకు టైమైందని లేచి వెళ్ళిపోయినవాళ్ళకు ఇ కాలమ్ ఖాళీగా ఉంటుంది. ఆ వరుసలు తొలగిస్తే ఓపిక నశించినవాళ్ళే లెక్కలో లేకుండా పోతారు, ఫలితం నిజం కంటే బాగా కనిపిస్తుంది. వరుస ఉంచండి. చెప్పి వెళ్ళినవాళ్ళయితే హెచ్‌లో "వెళ్ళారు, కనీసం 35 ని." అని రాయండి. పిలిచినా పలక్కపోతే ఎప్పుడు వెళ్ళారో తెలియదు కాబట్టి "పిలిస్తే లేరు" అని మాత్రమే రాయండి. పిలిచిన సమయాన్ని వాళ్ళు ఆగిన సమయంగా వేసుకోకండి.

6. నిమిషాల్లోకి మార్చడం

షీటు సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది. రోజుకు 1440 నిమిషాలు కాబట్టి:

ఐ2: =ఇఫ్(ఇ2="","",(ఇ2-సి2)*1440)

జె2: =అవర్(సి2)

ఐ కాలమ్ ఫార్మాట్‌ను సమయంగా కాకుండా మామూలు సంఖ్యగా పెట్టండి. రాత్రంతా తెరిచే ల్యాబయితే అర్ధరాత్రి దాటిన వరుసలకు =మాడ్(ఇ2-సి2,1)*1440 వాడొచ్చు. పగటి డేటాకు మాత్రం దీన్ని వాడకండి. తప్పు కొట్టిన సమయం వల్ల వచ్చే మైనస్‌ను అది వందల కొద్దీ నిమిషాలుగా మార్చి కప్పెట్టేస్తుంది.

7. ఏ లెక్కా వేయకముందు అంకెల్ని చూడండి

22 టోకెన్లలో 20 మంది రక్తం ఇచ్చారు, ఇద్దరు చెప్పి వెళ్ళిపోయారు. ఆ 20 మంది నిరీక్షణ, చిన్నదాన్నుంచి పెద్దదాకా:

4, 5, 6, 7, 8, 9, 10, 11, 12, 13, 15, 16, 18, 21, 24, 27, 33, 38, 46, 77

పది నిమిషాల చొప్పున గుంపులు చేస్తే:

- 10 దాకా: 7 మంది
- 11–20: 6
- 21–30: 3
- 31–40: 2
- 41–50: 1
- 51–60: లేరు
- 61–70: లేరు
- 71–80: 1

ఎడమ పక్క గుట్టగా, కుడి పక్క తోకలా సాగిన ఆకారం ఇది. నిరీక్షణ సమయాలు దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. సున్నా కంటే తగ్గడానికి వీల్లేదు, పెరగడానికి మాత్రం హద్దు లేదు. ఈ ఆకారం చూశారంటే కింద కొన్ని కొలతల్ని ఎందుకు నమ్మొద్దంటున్నామో వెంటనే తెలుస్తుంది.

ఖాళీ గుంపుల్ని పట్టికలోంచి తీసేయకండి, గుంపుల వెడల్పు మార్చకండి. "40 పైన: 2" అని ముగిస్తే 46కీ 77కీ తేడా మాయమవుతుంది. గీత కావాలంటే రెండు సాఫ్ట్‌వేర్లలోనూ హిస్టోగ్రామ్ చార్టు ఉంది (ఎక్సెల్‌లో 2016 నుంచి).

8. సగటు, మధ్యగతం

మొత్తం 400 నిమిషాలు, 20 మంది. సగటు 20 నిమిషాలు. =ఏవరేజ్(ఐ2:ఐ23)

మధ్యగతం, అంటే చిన్నదాన్నుంచి పెద్దదాకా పేర్చినప్పుడు సరిగ్గా మధ్యలో పడే అంకె: వరుసలో 10వ, 11వ అంకెలు 13, 15. వాటి మధ్య 14. =మీడియన్(ఐ2:ఐ23)

సగటు కంటే తక్కువ ఆగినవాళ్ళు 20లో 13 మంది. అంటే 20 నిమిషాలన్నది మామూలుగా వచ్చే మనిషి అనుభవం కాదు, తోక లాగిన అంకె. ఆ ఒక్క 77 తీసి చూడండి: సగటు 20 నుంచి 17కి దిగుతుంది, మధ్యగతం 14 నుంచి 13కి మాత్రమే కదులుతుంది.

అలాగని సగటును పక్కన పడేయకండి. ఎంతమంది సిబ్బంది కావాలి, హాల్లో ఎన్ని కుర్చీలు కావాలి అన్న లెక్కలకు సగటే పనికొస్తుంది (11వ మెట్టు చూడండి). మామూలుగా వచ్చినవాళ్ళకు ఎలా ఉంటుందని అడిగితే మధ్యగతం చెప్పాలి.

ఇప్పుడు ఆ వెళ్ళిపోయిన ఇద్దరు. ఒకరు కనీసం 35 నిమిషాలు, ఇంకొకరు కనీసం 50 నిమిషాలు ఆగారు. ఉండి ఉంటే ఇంకెంత పట్టేదో తెలియదు కాబట్టి వాళ్ళను కలిపి సగటు కట్టలేం. మధ్యగతానికి ఆ ఇబ్బంది లేదు. ఇద్దరూ పై సగంలోనే ఉంటారని తెలుసు, అది చాలు. 22 మందిలో 11వ, 12వ అంకెలు 15, 16. మధ్యగతం 15.5. రిపోర్టులో రాయాల్సింది ఇదే. షీటులోని ఫార్ములా ఖాళీల్ని దాటేస్తుంది కాబట్టి 14 అనే చూపిస్తుంది. ఇక్కడ మీరే పూనుకుని సరిచేయాలి.

బహుళకం, అంటే ఎక్కువసార్లు వచ్చిన అంకె, ఇలాంటి డేటాకు పెద్దగా పనికిరాదు. వదిలేయండి.

9. ఎంత చెదిరి ఉంది

మధ్యలో ఉన్న సగం మంది ఏ అంకెల నడుమ ఉన్నారో చూడండి.

- మొదటి క్వార్టైల్ (పావు వంతు మంది దీని కింద ఉంటారు): =క్వార్టైల్.ఇంక్(ఐ2:ఐ23,1) → 8.75
- మూడో క్వార్టైల్ (ముప్పావు వంతు మంది దీని కింద ఉంటారు): =క్వార్టైల్.ఇంక్(ఐ2:ఐ23,3) → 24.75
- తేడా: 16 నిమిషాలు

"సగం మందికి 9 నుంచి 25 నిమిషాల మధ్య పట్టింది" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

ప్రామాణిక విచలనం (అంకెలు సగటుకు ఎంత దూరంగా చెదిరాయో చెప్పే కొలత), =ఎస్‌టీడెవ్.ఎస్(ఐ2:ఐ23), 17.7 వస్తుంది. దీన్ని పట్టుకుని "సగటుకు రెండు విచలనాలు అటూ ఇటూ" అని పాఠ్యపుస్తకం సూత్రం వాడితే కింది హద్దు మైనస్ 15 నిమిషాలు. టోకెన్ తీసుకోకముందే రక్తం ఇచ్చేసినట్టు! ఆ సూత్రం రెండు పక్కలా సమానంగా ఉండే ఆకారానికి సరిపోతుంది, మన తోకకు కాదు. రెండు వారాల్ని పోల్చేటప్పుడు విచలనం పెరిగిందా తగ్గిందా చూసుకోండి, అంతవరకే.

10. బోర్డు మీద రాయదగ్గ అంకె

వచ్చినవాళ్ళకు చెప్పేందుకు 90వ పర్సెంటైల్ మంచిది: పదిమందిలో తొమ్మిది మందికి ఎంత లోపు అయిపోయింది అన్నది.

=పర్సెంటైల్.ఇంక్(ఐ2:ఐ23,0.9) → 38.8

అదే డేటాకు పర్సెంటైల్.ఎక్స్క్ వాడితే 45.2 వస్తుంది. రెండూ తప్పు కాదు, అంకెల మధ్య ఖాళీని పూరించే పద్ధతి వేరు. డేటా పెరిగే కొద్దీ ఈ తేడా కరిగిపోతుంది. 20 వరుసలతో పర్సెంటైల్ నమ్మదగ్గది కాదని ఈ తేడాయే చెబుతోంది. ఏదో ఒకటి ఎంచుకుని, ప్రతి నెలా అదే వాడండి.

దీనికి తోడు ఒక హద్దు పెట్టుకుని దాటినవాళ్ళ శాతం చూడండి:

=కౌంట్‌ఇఫ్(ఐ2:ఐ23,">30")/కౌంట్(ఐ2:ఐ23) → 4/20, అంటే 20 శాతం

వెళ్ళిపోయిన ఇద్దరూ 30 దాటాకే వెళ్ళారు. వాళ్ళతో కలిపితే 6/22, 27 శాతం. యజమానికి ఒక్క అంకే చెప్పే అవకాశముంటే మేమైతే ఈ 27నే చెబుతాం. సగటు ఏ గణితమో గుర్తులేని వాళ్ళకు కూడా "వందలో 27 మంది అరగంట దాటి కూర్చున్నారు" అంటే సూటిగా తగులుతుంది.

11. హాల్లో జనంతో సరిచూసుకోండి

షీటు నిజం చెబుతోందా అని పరీక్షించడానికి తేలికైన దారి ఒకటుంది. అందరూ ఆగిన నిమిషాలన్నీ కలిపి, పరిశీలించిన నిమిషాలతో భాగిస్తే, ఏ క్షణంలోనైనా సగటున ఎంతమంది ఆగుతూ ఉండాలో వస్తుంది. క్యూల లెక్కల్లో దీన్ని లిటిల్ సూత్రం అంటారు.

మనకు 400 + 35 + 50 = 485 నిమిషాలు. రాసింది ప్రతి ఐదో టోకెన్ కాబట్టి 5తో గుణిస్తే 2425. పరిశీలించింది 3 గంటలు, 180 నిమిషాలు. భాగిస్తే 13.5.

ఇప్పుడు ప్రతి 15 నిమిషాలకోసారి టోకెన్ ఉండి ఆగుతున్నవాళ్ళను లెక్కపెట్టించి సగటు తీయండి. తోడు వచ్చినవాళ్ళను కలపకండి, ముసలివాళ్ళ వెంట ఇద్దరేసి వస్తారు. ఆ సగటు 13, 14 దగ్గర ఉంటే షీటు బాగున్నట్టే. 20 వచ్చిందంటే ఎవరో షీటులోకి ఎక్కడం లేదు, లేదా మొదలు సమయం ఆలస్యంగా రాస్తున్నారు. మళ్ళీ 5వ మెట్టుకు వెళ్ళండి.

12. గంటవారీగా విడగొట్టండి

అసలు జవాబు ఇక్కడ దొరుకుతుంది.

- 7–8 మధ్య వచ్చినవాళ్ళు (6): 4, 5, 6, 9, 11, 13. సగటు 8, మధ్యగతం 7.5, గరిష్ఠం 13
- 8–9 మధ్య వచ్చినవాళ్ళు (9): 16, 18, 21, 24, 27, 33, 38, 46, 77. సగటు 33.3, మధ్యగతం 27, గరిష్ఠం 77
- 9–10 మధ్య వచ్చినవాళ్ళు (5): 7, 8, 10, 12, 15. సగటు 10.4, మధ్యగతం 10, గరిష్ఠం 15

30 దాటిన నలుగురూ 8–9 మధ్య వచ్చినవాళ్ళే. వెళ్ళిపోయిన ఇద్దరూ ఆ గంటలోనే వచ్చారు. వాళ్ళను పై సగంలో వేస్తే ఆ గంట మధ్యగతం 27 నుంచి 33కి ఎక్కుతుంది. "సగటు 20" అన్న అనుభవం ఏ గంటలోనూ లేదు చూడండి: 7కి వస్తే 8, 8కి వస్తే 33, 9కి వస్తే 10.

ఫార్ములా: =మీడియన్(ఫిల్టర్(ఐ2:ఐ23,జె2:జె23=8)). పాత ఎక్సెల్‌లో ఫిల్టర్ ఫంక్షన్ లేదు, అక్కడ వరుసల్ని గంటవారీగా సార్ట్ చేసి విడిగా లెక్కించండి. వరుసల్ని గుంపులుగా లెక్కగట్టే పివట్ టేబుల్ అని ఒకటుంది: గూగుల్ షీట్స్ పివట్ టేబుల్‌లో మధ్యగతం ఎంపిక ఉంది, ఎక్సెల్ మామూలు పివట్‌లో లేదు.

తర్వాత అదే గంటకు సి నుంచి డి దాకా, డి నుంచి ఇ దాకా విడిగా చూడండి. ఎక్కువ భాగం బిల్లు కంటే ముందే పోతుంటే కొత్త టెక్నీషియన్‌ను పెట్టినా ఫలితం ఉండదు, బిల్లింగ్ కౌంటర్ కావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: రెండు భాగాల సగటుల్ని కలిపితే మొత్తం సగటు వస్తుంది. మధ్యగతాలు అలా కలవవు, వాటిని కూడకండి.

13. ఆ 77ని ఏం చేయాలి

మూడో క్వార్టైల్‌కు క్వార్టైళ్ళ తేడాను ఒకటిన్నర రెట్లు కలపండి: 24.75 + 24 = 48.75. దీన్ని దాటినవాటిని విడిగా పరిశీలించాలన్నది వాడుకలో ఉన్న నియమం. 46 లోపలే ఉంది, 77 దాటింది.

పరిశీలించడమంటే తీసేయడం కాదు. వరుస తెరిచి ఈ క్రమంలో చూడండి:

1. సమయం తప్పుగా కొట్టారా? కాగితంతో సరిచూసి దిద్దండి.
2. అది తిన్నాక షుగర్ పరీక్ష తాలూకు రెండో రాకా? అయితే ఈ లెక్కలోది కాదు, నియమం ప్రకారం విడదీయండి.
3. డాక్టరు చీటీలో పరీక్ష పేరు అర్థంకాక ఫోను చేసి కనుక్కోవాల్సి వచ్చిందా? పిలిచినప్పుడు మనిషి కిందికి వెళ్ళి ఉన్నారా? ఇవి నిజమైన నిరీక్షణలే. ఉంచండి, కారణం రాయండి.

మూడో రకం నెలలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే అది వేరే సమస్యకు దారి చూపిస్తుంది. లైను పొడవుకూ దానికీ సంబంధం ఉండకపోవచ్చు.

14. ఎక్కువగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

- *సగటుల సగటు.* 8, 33.3, 10.4 కలిపి 3తో భాగిస్తే 17.2. నిజమైన సగటు 20. రద్దీ గంటలో ఎక్కువమంది ఉన్నారన్న సంగతి ఆ లెక్కలో పోయింది. ఎప్పుడూ మొత్తం నిమిషాల్ని మొత్తం మందితో భాగించండి.
- *పర్సెంటైళ్ళ సగటు.* రోజువారీ 90వ పర్సెంటైళ్ళను సగటు చేసి నెల అంకెగా చెప్పకూడదు. నెల వరుసలన్నీ ఒకచోట చేర్చి మళ్ళీ లెక్కించండి. అందుకే అసలు వరుసల్ని దాచుకోవాలి.
- *కూర్చున్నవాళ్ళను అడగడం.* 8:45కి హాల్లోకి వెళ్ళి "ఎంతసేపైంది?" అని అడిగితే ఎక్కువసేపు ఆగేవాళ్ళే ఎక్కువగా దొరుకుతారు. 5 నిమిషాల్లో పనైపోయినవాళ్ళు అప్పటికే ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు. అభిప్రాయం కోసం అడగొచ్చు, కొలతగా వాడొద్దు.
- *దశాంశాల మోజు.* నిమిషాల్లో రాసుకున్న డేటాకు "సగటు 19.873" అనడం అర్థంలేని పని. 20 అనండి.
- *సిబ్బంది పోలిక.* రెండో కుర్చీ దగ్గర సగటు ఎక్కువని ఆ టెక్నీషియన్‌ను నిలదీసే ముందు, చిన్నపిల్లల్ని, నరం దొరకనివాళ్ళను ఆ కుర్చీకే పంపుతున్నారేమో చూడండి.

15. ఒక పేజీ రిపోర్టు

ఇంతకు మించి రాయక్కర్లేదు:

- ఏం కొలిచాం: టోకెన్ నుంచి శాంపిల్ గది పిలుపు దాకా, మొదటి రాకలు మాత్రమే
- ఎప్పుడు: తేదీలు, ఉదయం 7–10, ప్రతి ఐదో టోకెన్
- ఎంతమంది: 22. పూర్తయినవి 20, వెళ్ళిపోయినవాళ్ళు 2
- మధ్యగతం (వెళ్ళినవాళ్ళతో కలిపి): 15.5 నిమిషాలు
- సగటు (పూర్తయినవాళ్ళు): 20 నిమిషాలు
- 90వ పర్సెంటైల్ (పూర్తయినవాళ్ళు): సుమారు 39 నిమిషాలు, తక్కువ డేటా మీద
- 30 దాటినవాళ్ళు: 27 శాతం, అందరూ 8–9 మధ్య వచ్చినవాళ్ళే
- గంటవారీ పట్టిక, ఒక హిస్టోగ్రామ్
- తొలగించిన, దిద్దిన వరుసలెన్ని, ఎందుకు

మార్పు చేశాక, అంటే 8 నుంచి 9 దాకా ఇంకో కుర్చీ తెరిచాక, మళ్ళీ కొలిచేటప్పుడు వారంలో అవే రోజులు, అవే గంటలు, అదే నియమం, అదే ఫార్ములా ఉండాలి. ఆ గంటలో ఎంతమంది వచ్చారన్నదీ పక్కనే రాయండి. పోయిన నెల 8–9 మధ్య 55 మంది వచ్చి, ఈ నెల 35 మందే వస్తే, తగ్గిన నిరీక్షణకు కొత్త కుర్చీ ఎంత కారణమో తగ్గిన జనం అంతే కారణం కావచ్చు. అలాంటప్పుడు ఇంచుమించు ఒకే సంఖ్యలో జనం వచ్చిన రోజుల్ని మాత్రమే రెండు నెలల నుంచీ ఏరి, పక్కపక్కన పెట్టి పోల్చండి.